అణిగి, సాగి, మళ్లీ గుండ్రమై: స్క్వాష్ అండ్ స్ట్రెచ్ లెక్క ఏమిటి?

గల్లీ క్రికెట్ ఆడి పెరిగినవాళ్లకు కార్క్ బంతికీ టెన్నిస్ బంతికీ తేడా తెలియడానికి చేత్తో నొక్కి చూడక్కర్లేదు. దూరం నుంచి ఒక్క టప్పా పడితే చాలు. రెండూ దాదాపు ఒకే సైజు. ఒకటి నేలను గుద్దుకుని ముక్తసరిగా లేస్తుంది, ఇంకొకటి మెత్తగా తగిలి ఎగిరిపోతుంది. ఆ ఒక్క క్షణంలో కన్ను బంతి బరువునీ, మెత్తదనాన్నీ, ఎంత వేగంగా వచ్చిందో కూడా చదివేస్తుంది.

ఇదే తేడాని యానిమేషన్‌లో, తెర మీద, చూపించాలంటే పని కష్టమవుతుంది. అక్కడున్నది ఒక గుండ్రటి గీత మాత్రమే. దానికి బరువు లేదు, లోపల గాలి లేదు, రబ్బరు లేదు. ఆకుపచ్చ రంగు వేసి తెల్ల కుట్టు గీస్తే టెన్నిస్ బంతిలా కనిపిస్తుంది కానీ, కదలడం మొదలుపెట్టగానే ఆ నమ్మకం పోవచ్చు. అది పోకుండా కాపాడే పద్ధతుల్లో అన్నిటికంటే ముందు నేర్పేది స్క్వాష్ అండ్ స్ట్రెచ్.

మొదట నేర్పేది కావడం వల్లే దీని చుట్టూ అపోహలు కూడా ఎక్కువ. కొత్తగా నేర్చుకునేవాళ్లలో కొందరు కనిపించిన ప్రతి వస్తువునీ జెల్లీలా ఊపేస్తారు. ఇంకొందరు ఇది పిల్లల కార్టూన్లకు మాత్రమే పనికొచ్చేదని, నిజంగా అనిపించాల్సిన యానిమేషన్‌కు అక్కర్లేదని పక్కన పెడతారు. ఇద్దరూ పొరబడేది ఒకే చోట. ఈ సూత్రం రబ్బరు గురించి అనుకుంటారు. నిజానికి ఇది వస్తువు దేనితో తయారైందో, దాని మీద బలం ఎటువైపు నుంచి ఎంత పడుతోందో చూసేవాడికి చెప్పే పద్ధతి. ఇనుప గుండు గురించి కూడా ఇదే చెబుతుంది, ఏమాత్రం అణగకుండా చూపించి.

## రెండు మాటలకు అర్థం

చపాతీ పిండి ముద్దను పీట మీద పెట్టి అరచేత్తో నొక్కితే ఎత్తు తగ్గి పక్కలకు పరుచుకుంటుంది. అది స్క్వాష్. అదే ముద్దను రెండు చేతుల్తో పట్టుకుని లాగితే పొడవు పెరిగి నడుము సన్నబడుతుంది. అది స్ట్రెచ్. రెండు సందర్భాల్లోనూ పిండి ఒక్క చిటికెడు కూడా తగ్గలేదు, పెరగలేదు. స్క్వాష్ అండ్ స్ట్రెచ్‌కు ప్రాణం ఈ మూడో సంగతిలో ఉంది. ఆకారం ఎంతైనా మారవచ్చు, పదార్థం అంతే ఉండాలి. ఎత్తు తగ్గి వెడల్పు పెరగకపోతే చూసేవాడికి అది అణిగినట్టు అనిపించదు, చిన్నదైపోయినట్టో గాలి పోయినట్టో అనిపిస్తుంది.

ముందుకు వెళ్లే ముందు ఇంకో రెండు మాటలు. సినిమా సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 నిశ్చల చిత్రాలుగా నడుస్తుంది. ప్రతి ఫ్రేముకూ ఒక కొత్త బొమ్మ వేస్తే దాన్ని ‘వన్స్’ మీద చేయడం అంటారు. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలిపితే ‘టూస్’ మీద చేయడం, అంటే సెకనుకు 12 బొమ్మలు. ఈ తేడా ఎంత పెద్దదో కింద లెక్కలో తెలుస్తుంది.

## గొట్టాల చేతుల నుంచి పిండి సంచి దాకా

1920ల నాటి అమెరికన్ కార్టూన్లలో పాత్రల చేతులూ కాళ్లూ రబ్బరు గొట్టాల్లా ఉండేవి. మోచెయ్యి, మోకాలు కనిపించవు. ఎటు కావాలంటే అటు వంగుతాయి, ఎంత కావాలంటే అంత సాగుతాయి. సాగినప్పుడు సన్నబడాలన్న నియమమేమీ లేదు. కదలిక సరదాగా ఉండేది, బరువు మాత్రం ఉండేది కాదు.

1930ల్లో డిస్నీ స్టూడియోలో ఇది మారింది. ఆ మార్పుతో గట్టిగా ముడిపడిన పేరు ఫ్రెడ్ మూర్. మిక్కీ మౌస్ శరీరాన్ని గట్టి వృత్తాల నుంచి బేరికాయ ఆకారంలోకి తెచ్చి, వంగితే ఒకవైపు ముడతపడి రెండోవైపు సాగేలా చేసింది ఆయనే. అదే స్టూడియోలో సాధనకు వాడిన బొమ్మ సగం నింపిన పిండి సంచి. నిండా కుక్కిన సంచి వంగదు. ఖాళీ సంచికి బరువు లేదు. సగం నిండినదైతే కింద పడేస్తే పరుచుకుంటుంది, మూతి పట్టుకుని ఎత్తితే పొడవుగా వేలాడుతుంది, ఎలా పెట్టినా లోపలి పిండి అంతే ఉంటుంది. ముఖం, చేతులు, కాళ్లు ఏవీ లేని ఆ సంచి దిగులుగా ఉందో ఉత్సాహంగా ఉందో కేవలం ఒంటి వాలుతో చూపించగలిగితే సూత్రం చేతికి వచ్చినట్టే.

ఈ అనుభవాన్నంతా ఆ స్టూడియోలోనే పనిచేసిన ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్స్టన్ 1981లో ‘ది ఇల్యూజన్ ఆఫ్ లైఫ్’ అనే పుస్తకంలో 12 సూత్రాలుగా కూర్చారు. అందులో మొదటిది స్క్వాష్ అండ్ స్ట్రెచ్. 1987లో పిక్సార్ యానిమేటర్ జాన్ లాసెటర్, సిగ్‌గ్రాఫ్ అనే కంప్యూటర్ గ్రాఫిక్స్ సదస్సు పత్రంలో ఈ చేతిగీత సూత్రాలు త్రీడీ కంప్యూటర్ యానిమేషన్‌కు ఎలా వర్తిస్తాయో వివరించాడు.

## ఒక బంతి, 12 ఫ్రేములు

మాటల్లో చెప్పుకోవడం కంటే ఒక బంతిని లెక్క వేసి పడేసి చూద్దాం. వ్యాసం 20 సెంటీమీటర్లు, అంటే ఫుట్‌బాల్ కంటే కొంచెం చిన్నది. విశ్రాంతి నుంచి వదిలితే 12 ఫ్రేముల్లో, అంటే అర సెకనులో, నేలను తాకాలి. గురుత్వాకర్షణ ప్రకారం అర సెకనులో పడే దూరం 122.5 సెంటీమీటర్లు.

ఈ దూరాన్ని 12 సమాన భాగాలు చేస్తే బంతి పడదు, లిఫ్టులో దిగినట్టు దిగుతుంది. పడే వస్తువు ఫ్రేము ఫ్రేముకూ నడిచే దూరం బేసి సంఖ్యల వరుసలో పెరుగుతుంది. మొదటి ఫ్రేములో 1 వంతు, తర్వాత 3, తర్వాత 5, అలా పన్నెండో ఫ్రేములో 23 వంతులు. అన్నీ కలిపితే 144 వంతులు. 122.5ను 144తో భాగిస్తే ఒక వంతు 0.85 సెంటీమీటర్లు. అంటే మొదటి ఫ్రేములో బంతి కదిలేది సెంటీమీటరు కూడా కాదు. ఆరో ఫ్రేములో 9.4 సెంటీమీటర్లు. పన్నెండో ఫ్రేములో 19.6.

అసలు చిక్కు ఆ చివరి సంఖ్యలో ఉంది. ఆరో ఫ్రేము దగ్గర ఒక బొమ్మ మీద తర్వాతి బొమ్మను పెట్టి చూస్తే రెండు వృత్తాలూ దాదాపు సగం మేర ఒకదాని మీద ఒకటి పడతాయి. కన్ను వాటిని సులభంగా ఒకే వస్తువుగా కలిపేస్తుంది. పన్నెండో ఫ్రేము దగ్గరికి వచ్చేసరికి 20 సెంటీమీటర్ల బంతి 19.6 సెంటీమీటర్లు జరిగింది. వృత్తాలు అంచులు మాత్రమే ఆనించుకుని నిలబడ్డాయి. ఇంకొంచెం వేగమైతే మధ్యలో ఖాళీ వస్తుంది. అప్పుడు చూసేవాడికి ఒక బంతి ప్రయాణం కనిపించదు, వరుసగా వెలిగి ఆరే బంతులు కనిపిస్తాయి. యానిమేటర్లు దీన్ని స్ట్రోబింగ్ అంటారు.

ఇక్కడ స్ట్రెచ్ పనికొస్తుంది. ఏడో ఫ్రేము దాకా బంతిని ముట్టుకోనక్కర్లేదు. ఎనిమిదో ఫ్రేములో 1.05 రెట్లు, తొమ్మిదిలో 1.1, పదిలో 1.15, పదకొండులో 1.2, పన్నెండులో 1.25 రెట్లు పొడవు పెంచుకుంటూ వస్తే చివరికి బంతి 25 సెంటీమీటర్ల పొడవుకు చేరుతుంది. జరిగే దూరం 20లోపే కాబట్టి బొమ్మలు మళ్లీ ఒకదాని మీద ఒకటి పడతాయి. మధ్యలోని ఖాళీ మూసుకుపోతుంది, పైగా ఆ పొడుగు ఆకారం బంతి ఎటు వెళ్తోందో కూడా చూపిస్తుంది.

ఇదే పని టూస్ మీద చేస్తే ఏమవుతుంది? చివరి రెండు ఫ్రేముల దూరం, అంటే 21, 23 వంతులు, ఒకే దూకులో పడుతుంది. 44 వంతులంటే 37 సెంటీమీటర్లు. 20 సెంటీమీటర్ల బంతిని అంత సాగదీయాలంటే దాదాపు రెట్టింపు పొడవు కావాలి. అది బంతిలా ఉండదు, దోసకాయలా ఉంటుంది. మిగతా సన్నివేశమంతా టూస్ మీద నడిచినా వేగంగా పడేచోట వన్స్‌కు మారడానికి కారణం ఇదే.

పన్నెండో ఫ్రేములో బంతి సాగిన ఆకారంలోనే నేలను తాకుతుంది. స్క్వాష్ పదమూడో ఫ్రేములో వస్తుంది. ఈ తాకిన ఫ్రేమును మధ్యలోంచి తీసేసి, గాల్లో సాగి ఉన్న బంతిని తిన్నగా అణిగిన బంతిగా మారుస్తారు చాలామంది. దాంతో దెబ్బలో సగం పదును పోతుంది. పొడవుగా తాకి, మరుక్షణం పరుచుకుంటే ఆకారంలో మార్పు గరిష్ఠంగా ఉంటుంది. ఆ మార్పే దెబ్బగా అందుతుంది.

స్క్వాష్‌లో ఎత్తు 0.7 రెట్లకు తగ్గిందనుకుందాం. బంతి ఎత్తు 14 సెంటీమీటర్లు. పద్నాలుగో ఫ్రేములో మళ్లీ 1.2 రెట్లు సాగి, అడుగు నేలకు ఇంకా ఆని ఉండగానే పైకి లేవడం మొదలవుతుంది. ఎక్కేకొద్దీ స్ట్రెచ్ తగ్గి, శిఖరం దగ్గర పూర్తిగా గుండ్రంగా ఉంటుంది. అక్కడ వేగం లేదు, బలం తగలడం లేదు, కాబట్టి అక్కడ సాగి కనిపించడానికి కారణమే లేదు. శిఖరంలో కూడా కోడిగుడ్డులా ఉండిపోయిన బంతి తొలి ప్రయత్నాల్లో తరచూ కనిపించే తప్పు.

టప్పా పడినప్పుడల్లా బంతి వేగంలో ఐదో వంతు పోతుందనుకుంటే ఎత్తు 0.64 రెట్లకు పడిపోతుంది. 122.5 నుంచి 78, ఆపైన 50, ఆపైన 32 సెంటీమీటర్లు. లేవడానికి పట్టే ఫ్రేములు వరుసగా 10, 8, 6. స్క్వాష్ కూడా అదే నిష్పత్తిలో చల్లబడాలి. మొదటి దెబ్బకు 30 శాతం అణిగితే రెండోదానికి 24, మూడోదానికి 19. ఎత్తు తగ్గుతున్నా ప్రతి దెబ్బకూ 30 శాతమే అణిగితే బంతి తనంతట తాను ఎగురుతున్నట్టు, లోపల ఏదో ప్రాణి ఉన్నట్టు అనిపిస్తుంది. కావాలని అలా చేసే సందర్భాలూ ఉన్నాయి. వస్తువు పాత్రగా మారేది అక్కడే.

అదే 122.5 సెంటీమీటర్ల నుంచి ఇనుప గుండు పడితే కిందికి వచ్చే 12 ఫ్రేములూ మారవు, బరువైనది వేగంగా ఏమీ పడదు. స్ట్రెచ్ లేదు, స్క్వాష్ లేదు. తగిలాక 5 సెంటీమీటర్లు, రెండు ఫ్రేముల పాటు లేచి మళ్లీ పడుతుంది. ఇనుము గురించి చెప్పాల్సింది అంతటితో అయిపోతుంది.

## అణిగితే ఎంత పరుచుకోవాలి?

పదార్థం మారకూడదన్న నియమాన్ని అంకెల్లో పెడితే రెండు సూత్రాలు వస్తాయి, వీటిని కలగలిపితే పని చెడుతుంది.

కాగితం మీదో టూడీ సాఫ్ట్‌వేర్‌లోనో నిలవాల్సింది వైశాల్యం. ఎత్తును ఎంతతో గుణిస్తే వెడల్పును అంతతో భాగించాలి. 1.25 రెట్లు సాగితే వెడల్పు 0.8 రెట్లు, అంటే మన బంతికి 16 సెంటీమీటర్లు. 0.7 రెట్లకు అణిగితే వెడల్పు 1.43 రెట్లు, దాదాపు 28.6 సెంటీమీటర్లు.

త్రీడీలో నిలవాల్సింది ఘనపరిమాణం. పిండి ముద్ద నొక్కినప్పుడు ఎడమకుడులకే కాక ముందువెనకలకూ పరుచుకుంటుంది కదా. ఎత్తులో వచ్చిన మార్పును రెండు దిక్కులు పంచుకుంటాయి కాబట్టి వర్గమూలంతో భాగించాలి. 1.25 రెట్లు సాగితే వెడల్పు, లోతు రెండూ 0.894 రెట్లు. 0.7కి అణిగితే రెండూ 1.195 రెట్లు, అంటే 23.9 సెంటీమీటర్లు.

టూడీ సూత్రాన్ని త్రీడీ బంతికి వేస్తే ఏమవుతుందో చూడండి. అణిగినప్పుడు 0.7 × 1.43 × 1.43, అంటే ఘనపరిమాణం 43 శాతం పెరిగింది. దానికి ముందు ఫ్రేములో 1.25 × 0.8 × 0.8, అంటే 20 శాతం తగ్గింది. ఒక ఫ్రేములో చిక్కిపోయి మరుసటి ఫ్రేములో ఉబ్బిపోయిన బంతి ఊపిరి పీల్చుకుంటున్నట్టు కనిపిస్తుంది. ఎక్కడో తప్పుందని తెలుస్తుంది కానీ ఎక్కడో దొరకదు. కీలు (ఏ ఫ్రేములో ఏ ఆకారం ఉండాలో చెప్పే గుర్తులు, అంటే కీఫ్రేములు) సరిగ్గానే ఉంటాయి, టైమింగ్ సరిగ్గానే ఉంటుంది.

మరి కాగితం మీద గీసిన బంతి కూడా గుండ్రటి బంతికి బొమ్మే కదా, దానికి ఘనపరిమాణం లెక్క ఎందుకు వేయకూడదు? న్యాయమైన ప్రశ్న. శుద్ధంగా చూస్తే 0.7కి అణిగిన నిజమైన బంతి తెర మీద 23.9 సెంటీమీటర్లే కనిపించాలి. చేత్తో గీసేవాళ్లు మాత్రం మొదటి నుంచీ వైశాల్యాన్నే కంటితో తూచారు. పడిన సిరా ఎంత, రంగు నిండిన జాగా ఎంత అన్నది కన్ను పట్టుకుంటుంది, కనపడని లోతును ఊహించి లెక్కకట్టదు. చదునైన రంగులతో చేసిన బొమ్మకు వైశాల్యం లెక్క బాగుంటుంది. నీడలు, వెలుతురు వేసి గుండ్రదనం చూపించిన బొమ్మకు ఘనపరిమాణం లెక్క దగ్గరగా ఉంటుంది. రెండింటి మధ్య ఎక్కడో ఆగినా నష్టం లేదు. ఒకే షాట్‌లో అటూ ఇటూ మారితేనే చిక్కు.

## నిజం బంతి అలా సాగదు కదా?

సాగదు. ఈ అభ్యంతరం లేవనెత్తేవాళ్లు చెప్పేది నిజమే, దాన్ని దాటేయకూడదు. గాల్లో పడుతున్న బంతి గుండ్రంగానే ఉంటుంది. ఇంకా చిత్రం వాన చినుకు. బొమ్మల్లో అది పైన మొనదేలి, కింద గుండ్రంగా, కన్నీటి బొట్టులా ఉంటుంది. నిజంగా పడే చిన్న చినుకు గోళంలా ఉంటుంది. పెద్ద చినుకు గాలి ఒత్తిడికి అడుగు చదునై బన్నురొట్టెలా ఉంటుంది. అంటే పడేటప్పుడు ప్రకృతి చేసేది స్క్వాష్, యానిమేటర్ గీసేది స్ట్రెచ్.

స్క్వాష్ సంగతి వేరు, అది నిజంగానే జరుగుతుంది. కానీ ఎంతసేపు? టెన్నిస్ బంతి గట్టిగా తగిలినప్పుడు అణిగి ఉండేది సుమారు 5 మిల్లీసెకన్లు. ఒక ఫ్రేము నిడివి 41.7 మిల్లీసెకన్లు. మామూలు కెమెరా ఆ అణిగిన క్షణాన్ని పట్టుకోవడం అదృష్టం మీద ఆధారపడుతుంది. యానిమేటర్ దాన్ని పూర్తి ఫ్రేము పాటు నిలబెడతాడు. జరిగినదాన్నే ఎనిమిది రెట్లు ఎక్కువసేపు చూపిస్తున్నాడన్నమాట.

కాబట్టి స్క్వాష్ జరిగేదాన్నే పెంచి చూపే అతిశయోక్తి, స్ట్రెచ్ కంటికి చేసే సాయం. రెండిటినీ ఒకే గాటన కట్టడం వల్ల వాదన తెగదు. ‘నిజానికి దగ్గరగా ఉండాలి’ అనేవాళ్లు స్ట్రెచ్‌ను వద్దంటే వాళ్ల దగ్గర మోషన్ బ్లర్ ఉంది. కెమెరా షట్టర్ తెరిచి ఉన్నంతసేపు జరిగిన కదలిక ఒక మసక చారగా పడుతుంది. సాధారణంగా వాడే 180 డిగ్రీల షట్టర్ ఫ్రేము నిడివిలో సగంసేపు తెరిచి ఉంటుంది. అంటే ఫ్రేముకు 20 సెంటీమీటర్లు కదిలే వస్తువుకు 10 సెంటీమీటర్ల చార వస్తుంది. మన 20 సెంటీమీటర్ల బంతికి అది చాలు, స్ట్రెచ్ లేకపోయినా ఖాళీ రాదు. టెన్నిస్ బంతి వ్యాసం 6.6 సెంటీమీటర్లే. చారతో కలిపి 16.6. ఇంకా 3 సెంటీమీటర్ల ఖాళీ మిగులుతుంది. చిన్న వస్తువు వేగంగా కదిలేచోట బ్లర్ ఒక్కటే సరిపోదన్నమాట.

ఈ రెండూ కలిపి వాడేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. రెండర్‌లో, అంటే కంప్యూటర్ చివరి చిత్రాన్ని తయారుచేసేటప్పుడు, మోషన్ బ్లర్ ఆన్‌లో ఉండగా 25 సెంటీమీటర్లకు సాగదీసిన బంతికి ఇంకో 10 సెంటీమీటర్ల చార తోడైతే 35 అవుతుంది. వ్యూపోర్ట్‌లో, అంటే పని చేసుకునే తెరలో, చక్కగా ఉన్న కదలిక రెండర్‌లో పూసినట్టు కనిపించడానికి ఎక్కువసార్లు కారణం ఈ రెట్టింపే.

## వంగని వస్తువులకు కీళ్లే దిక్కు

గట్టి వస్తువు అణగకూడదు అంటే దాన్ని ప్రాణంతో చూపించలేమని కాదు. పిక్సార్ 1986లో తీసిన ‘లక్సో జూనియర్’లో పాత్రలు రెండు టేబుల్ లైట్లు. లోహపు కడ్డీలు, గట్టి టోపీ. వాటి ఆకారం ఎక్కడా సాగదు. చిన్న లైటు ఎగరబోయే ముందు కీళ్ల దగ్గర మడుచుకుంటుంది, మొత్తం ఆకృతి పొట్టిగా, వెడల్పుగా మారుతుంది. ఎగరగానే కడ్డీలు తిన్నగా విచ్చుకుని పొడవవుతుంది. విడి భాగాలు గట్టిగానే ఉన్నాయి, బయటి అంచు మాత్రం అణిగి సాగింది. లాసెటర్ తన పత్రంలో ఈ సంగతినే ఎత్తి చూపాడు.

మన దగ్గర 2012లో వచ్చిన ‘ఈగ’లో కూడా ఇదే ఇరుకు కనిపిస్తుంది. ఈగ ఒళ్లు గట్టి పెంకు. దానికి పెదవులు లేవు, కనురెప్పలు లేవు, నవ్వడానికీ ఏడవడానికీ ముఖంలో చోటు లేదు. కోపం, తెగింపు, అలసట అన్నీ తల వంపు, కాళ్లు ముడుచుకునే తీరు, ఒళ్లు నేలకు ఎంత ఆనించింది అన్నదాని మీదే నడవాలి. పిండి సంచి పాఠం పెంకు ఉన్న ప్రాణికి కూడా వర్తిస్తుంది.

మనిషి పాత్రల్లో జరిగేది ఈ రెండింటి మిశ్రమం. ఎముకలు లైటు కడ్డీల్లాంటివి, కండ పిండి లాంటిది. దూకబోయే ముందు మోకాళ్లు, నడుము మడిస్తే స్క్వాష్. నేల విడిచేటప్పుడు బొటనవేలి నుంచి వేలి కొస దాకా ఒకే గీతగా సాగితే స్ట్రెచ్. తొడ ఎముకను సాగదీయకుండానే పని అయిపోతుంది. ఇక కండ తన వంతు ఆలస్యంగా చేస్తుంది. లావుపాటి పాత్ర దిగినప్పుడు పాదం ఆనిన తర్వాత రెండు ఫ్రేములకు గానీ పొట్ట కిందికి జారి అణగదు. పాదం, పొట్ట, బుగ్గలు ఒకే ఫ్రేములో అణిగితే మనిషి ఒకే రబ్బరు ముక్కలా ఉంటాడు.

ముఖంలో పుర్రె కదలదు, దవడ కదులుతుంది. నములుతున్నప్పుడు గడ్డం పైకి వస్తే బుగ్గలు బయటికి పొంగుతాయి, నోరు తెరిస్తే లోపలికి లాగుకుంటాయి. రెప్ప వాల్చడంలో కూడా బుగ్గ కాస్త లేస్తుంది, కనుబొమ అరవెంట్రుక దిగుతుంది. రెప్ప ఒక్కటే షట్టర్‌లా దిగి లేస్తే బొమ్మ కన్నులా ఉండేది అందుకే. ఉలిక్కిపడే సన్నివేశంలో తల నేరుగా పైకి సాగదు. ముందు నాలుగైదు ఫ్రేములు కళ్లు గట్టిగా మూసుకుని ముఖమంతా ముడుచుకుంటుంది, తర్వాత ఒక్కసారిగా కళ్లు, నోరు తెరుచుకుని పైకి సాగుతుంది, ఆపైన మామూలు ఆకారానికి దిగుతుంది. ఎంత సాగింది అన్నదానికంటే దానికి ముందు ఎంత ముడుచుకుంది అన్నదే ఉలికిపాటు సైజును నిర్ణయిస్తుంది.

## కంప్యూటర్‌లో తప్పు ఎక్కడ దూరుతుంది

చేత్తో గీసేవాడు బంతిని నేలకు ఆనించే గీస్తాడు. కంప్యూటర్ బంతిని దాని పివట్ (మార్పులో కదలకుండా ఉండే బిందువు) చుట్టూ కుదిస్తుంది. పివట్ మధ్యలో ఉండగా 20 సెంటీమీటర్ల బంతిని 14కి అణిస్తే అడుగు 3 సెంటీమీటర్లు గాల్లోకి లేస్తుంది. దెబ్బ తగిలిన క్షణంలోనే బంతి నేలను వదిలేసిందన్నమాట. అందుకే స్క్వాష్ కంట్రోల్ పివట్ అడుగున ఉండాలి. గాల్లో సాగేటప్పుడు మాత్రం మధ్యలో ఉంటేనే బాగుంటుంది. మంచి బంతి రిగ్‌లో (బొమ్మను కదిలించడానికి లోపల పెట్టే ఏర్పాటులో) రెండు కంట్రోళ్లు కనిపించడానికి కారణం ఇదే.

దొర్లే బంతిది ఇంకో గొడవ. తిప్పడం, అణచడం ఒకే కంట్రోల్ మీద పెడితే బంతి పావు చుట్టు తిరిగేసరికి అణిగే దిక్కు కూడా దాంతోపాటు తిరిగిపోతుంది. నేల మీద పడిన బంతి పక్క నుంచి నొక్కినట్టు కనిపిస్తుంది. తిప్పడం లోపలి పొరలో, అణచడం దానికి బయటి పొరలో ఉండాలి. వంపు దారిలో ఎగిరే బంతికైతే స్ట్రెచ్ దిక్కు ఆ దారితోపాటు వాలుతూ రావాలి, లేకపోతే ఏటవాలుగా వెళ్తూ నిటారుగా సాగుతుంది.

గ్రాఫ్ ఎడిటర్‌లో, అంటే కదలికను వంపు గీతలుగా చూపే చోట, దాగిన తప్పు మరింత సూక్ష్మం. కీల మధ్య సాఫ్ట్‌వేర్ తానే మెత్తటి వంపు గీస్తుంది. పదమూడో ఫ్రేములోని 0.7 కీ ప్రభావం పక్క ఫ్రేములకు పాకుతుంది. పన్నెండులో 1.25 కీ పెట్టకుండా పదికీ పదమూడుకీ మధ్య వదిలేస్తే బంతి నేలను తాకకముందే అణగడం మొదలుపెడుతుంది, దెబ్బ పడుతుందని ముందే తెలిసినట్టు. తాకే ఫ్రేముకు ఇరువైపులా కీలు పెట్టి, అక్కడ వంపును విరిచి గట్టి మూల చేస్తేనే పోతుంది.

పాత్రల రిగ్గుల్లో ఒక దిక్కున మాత్రమే సాగిన భుజానికి కింద మోచెయ్యి తిరిగితే ముంజెయ్యి పక్కకు ఒరిగి వికారంగా సాగుతుంది. పై ఎముక స్కేలు (సైజు మార్పు) కింది ఎముకకు అలాగే అందడం వల్ల వచ్చేది ఇది. మాయా అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో దీన్ని ఆపడానికి ‘సెగ్మెంట్ స్కేల్ కాంపెన్సేట్’ అనే ఏర్పాటు ఉంది. బ్లెండర్ అనే ఇంకో త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో ‘స్ట్రెచ్ టు’, ‘మెయింటెయిన్ వాల్యూమ్’ అనే కన్‌స్ట్రెయింట్లు (కదలికకు పెట్టే షరతులు) పొడవు మారినప్పుడు మందాన్ని తామే సరిచేస్తాయి. మోషన్ గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్ ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లోనైతే స్కేలు పక్కనున్న గొలుసు గుర్తును తీసేసి వెడల్పు, ఎత్తు విడివిడిగా మార్చుకోవాలి. తీయకపోతే రెండూ కలిసి పెరిగి తగ్గుతాయి, అది స్క్వాష్ కాదు, జూమ్. ఇక బంతి మీదనో తల మీదనో అతికించిన కళ్లు కూడా స్కేలుతోపాటు నలిగి బాదంకాయలవుతాయి. వాటిని విడి పొరగా ఉంచి, తలకంటే తక్కువగా మార్చడం వాడుక.

## ఎంత వాడాలన్నది తెగని వాదం

ఫోటోలా కనిపించాల్సిన పనుల్లో స్క్వాష్ అండ్ స్ట్రెచ్ కనపడకూడదు అనేవాళ్ల మాటలో బలం ఉంది. నిజం మనిషి ముఖం పది శాతం సాగినా చూసేవాడు ఉలిక్కిపడతాడు. కానీ కనపడకూడదు అన్నదానికీ ఉండకూడదు అన్నదానికీ తేడా ఉంది. ఏనుగు పాదం అడుగున కొవ్వు దిండు ఉంటుంది, బరువు పడగానే పాదం పరుచుకుంటుంది, ఎత్తగానే ముడుచుకుంటుంది. త్రీడీ ఏనుగుకు ఆ కాస్త మార్పు తీసేస్తే కాళ్లు సిమెంటు స్తంభాలవుతాయి, అంత పెద్ద జంతువూ తేలిపోతుంది.

రెండోవైపు, త్రీడీలో కూడా చేతిగీత కార్టూన్ స్వేచ్ఛ కావాలని పట్టుబట్టినవాళ్లున్నారు. 2012లో గెండీ టార్టకోవ్‌స్కీ దర్శకత్వంలో వచ్చిన ‘హోటల్ ట్రాన్సిల్వేనియా’ అలాంటిది. పాత్రల ముఖాలు, ఒళ్లు రిగ్గు మామూలుగా ఒప్పుకునే హద్దు దాటి సాగుతాయి. అవి ఒకటి రెండు ఫ్రేములే ఉండటం వల్ల విడిగా చూస్తే వికారంగా ఉన్న ఆకారం కదలికలో ఊపుగా మారిపోతుంది. ఇష్టపడనివాళ్లు అది అలుపు తెప్పిస్తుందంటారు. ప్రతి కదలికా గరిష్ఠంగా ఉంటే పెద్ద దెబ్బకు మిగిలేదేముందని అడుగుతారు. ఇందులో నాకు ఇష్టపడనివాళ్ల వాదనే బరువుగా తోస్తుంది. అదే సినిమాలో బాగా నవ్వించే చోట్లు చూస్తే, సాగడానికి ముందు పాత్ర కాసేపు కదలకుండా నిలబడినవే.

ఫోన్ తెర మీద బటన్‌కు కూడా ఈ వాదమే వర్తిస్తుంది. వేలు పెట్టగానే 5 శాతం తగ్గి, వదలగానే తిరిగి వస్తే నొక్కినట్టు తెలుస్తుంది. 20 శాతం ఊగితే మొదటిసారి ముచ్చటగా ఉంటుంది, రోజుకు వందసార్లు నొక్కేవాడికి విసుగు.

పరిమాణం మీద ఏకాభిప్రాయం లేకపోయినా, సన్నివేశం చెడినప్పుడు దోషం ఎక్కడుందో తేల్చే పద్ధతి మీద పెద్దగా తగాదా లేదు. స్కేలు కీలన్నీ ఆపేసి, బంతిని గట్టి గోళంగానే ఒకసారి నడిపి చూస్తారు. పడే దూరాలు, ఎగిరే ఎత్తులు, నిలిచే ఫ్రేములు సరిగ్గా ఉంటే ఆ గోళం అప్పటికే బరువుగా ఎగురుతుంది. తిరిగి కీలు ఆన్ చేయగానే అది రబ్బరవుతుంది. గట్టి గోళంగా ఉన్నప్పుడే బంతి లిఫ్టులా దిగుతుంటే స్కేలును 0.7 నుంచి 0.5కి తెచ్చినా ఫలితం ఉండదు. సరిచేయాల్సింది ఆ బేసి సంఖ్యల వరుసని.